పురికొస చుట్టిన బ్రహ్మాస్త్రం

జంగారెడ్డిగూడెంలో ఫ్లెక్సీలు, శుభలేఖలు, బిల్లు పుస్తకాలు వేసే చిన్న షాపు నాది. ఈ పనిలో కంప్యూటరు నేర్చుకోవడం తేలిక. బొమ్మల మడి నేర్చుకోవడమే కష్టం. దాన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, తిట్లు తింటూ పట్టుకోవాలి. శుభలేఖ లోపల వినాయకుడు ఉండి తీరాలి, కవరు మీద మాత్రం వద్దు, చించి పారేస్తారు కదా. పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి ఫొటో చుట్టూ ఎన్ని పూలైనా చల్లొచ్చు. అవి దండలా కనబడ్డాయంటే మాత్రం అనుచరులు షాపు ముందుకొచ్చి నిలబడతారు. శ్రద్ధాంజలి బొమ్మలో దీపానికి ఒకటే వత్తి. ఆ దీపాన్నే పొరపాటున గృహప్రవేశం కార్డు మీద వేస్తే ఆ ఇంటి పెద్దావిడ ఇట్టే కనిపెట్టేస్తుంది. మిఠాయి కొట్టు వాళ్లు అట్టపెట్టె మీద వెంకటేశ్వరస్వామిని వేయమంటారు. ఆ పెట్టె మర్నాడు మురిక్కాలవ పక్కన కనబడితే నొచ్చుకునేదీ వాళ్లే.

అందుకని నా కంప్యూటర్లో శుభం, అశుభం అని రెండు ఫోల్డర్లు పెట్టుకున్నాను. ఒకదాంట్లో బొమ్మ రెండోదాంట్లోకి పోదు. పోయినా ఎవరికీ తెలీదు. అయినా పోదు.

నిరుడు దీపావళి ముందు, తాత్కాలిక లైసెన్సు మీద బాణసంచా కొట్టు పెట్టే కుర్రాడొకడు ఫ్లెక్సీ కోసం వచ్చాడు. ఎనిమిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. "అన్నయ్యా, పైన లక్ష్మీదేవి, మధ్యలో మన కొట్టు పేరు, కింద ఆటంబాంబులు, హైడ్రోజన్ బాంబులు హోల్‌సేల్ ధరలకే అని రాయి. వెనకాల ఈ బొమ్మ పెట్టు, దూరం నుంచే అదిరిపోవాలి" అంటూ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. పుట్టగొడుగులా లేచిన మేఘం. ఎవరో నారింజ రంగు పులిమారు గానీ నాకు వెంటనే ఆనవాలు చిక్కింది. ఆగస్టులో ఒక బడి వాళ్లకి హిరోషిమా దినం పోస్టరు వేసినప్పుడు వాడింది ఆ ఫొటోనే. నిజానికది హిరోషిమాది కూడా కాదు. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద బాంబు వేశాక అమెరికా విమానంలోంచి తీసింది. నా దగ్గర అది అశుభం ఫోల్డర్లో ఉంది.

వద్దన్నాను.

"ఆటంబాంబులు అమ్ముతూ ఆటంబాంబు బొమ్మ వద్దంటే ఎలాగన్నయ్యా?"

"అది చచ్చిపోయిన వాళ్ల ఫొటోరా."

వాడు ఫోను కళ్లదగ్గర పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "ఇందులో ఎవరున్నారు? ఒట్టి పొగే కదా!"

ఎగతాళికి అన్నమాట కాదది. నిజంగానే వెతికి, ఎవరూ లేరని తేల్చుకుని అన్నాడు. ఆ తర్వాత నేను ఈ విషయం గురించి ఎంత ఆలోచించినా ఆ మాట దగ్గరికే వచ్చి ఆగేవాణ్ని. 1945 ఆఖరయ్యేసరికి నాగసాకిలో దాదాపు 74 వేల మంది, హిరోషిమాలో దాదాపు లక్షా 40 వేల మంది పోయారని లెక్క. ఆ మేఘంలో పైకి లేచింది ఊరే. ఇళ్ల దుమ్ము, చెట్ల బూడిద, మనుషులు. విమానం అంత ఎత్తున ఉంది కాబట్టి ఎవరి ముఖమూ పడలేదు. కింద నుంచి తీసిన ఫొటోలూ ఉన్నాయి. హిరోషిమాలో యొషితో మత్సుషిగే అనే పత్రికా ఫొటోగ్రాఫరు బాంబు పడ్డ రోజంతా కెమెరా పట్టుకుని తిరిగాడు. చివరికి మిగిలినవి ఐదే ఐదు ఫొటోలు. కాలిపోయిన పిల్లల ముందు మీట నొక్కడానికి చెయ్యి రాలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నాగసాకిలో బాంబు పడ్డ మర్నాడు యోసుకే యమహతా తిరిగి తీసినవి వందకు పైగా ఉన్నాయి. వాటిని ఎవరైనా చొక్కాల మీద వేసుకున్నట్టు, పెట్టెల మీద అచ్చు వేసినట్టు నేను వినలేదు. లోకమంతా ముచ్చటపడింది పైనుంచి తీసిన ఫొటో చూసే. అందులో శవాలు కనబడవు, మేఘం చూస్తే అందంగా కూడా ఉంటుంది.

కుర్రాడు ఊరికే వదల్లేదు. "మరి ఆగస్టులో బడికి వేశావు కదా. దానికి డబ్బులు తీసుకోలేదా?" తీసుకున్నాను. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి కూడా తీసుకుంటాను. చావు బొమ్మ అచ్చు వేయడం తప్పని నేననను, అలా అనుకుంటే నా షాపు సగం మూసుకోవాలి. అదెక్కడ కడతారు, దాని పక్కన ఏం పెడతారు, చూసేవాడు చెప్పులు విప్పుతాడా చప్పట్లు కొడతాడా అన్నదే నా పట్టింపు. ఇదంతా వాడికి చెప్పే ఓపిక అప్పుడు లేదు, బేరం మధ్యలో ఉన్నాం. చివరికి బొమ్మ లేకుండా అక్షరాలకే మంట రంగులు వేసి ఇచ్చాను. పది రూపాయలు తగ్గించమన్నాడు, బొమ్మ లేదు కాబట్టి.

బొమ్మ తీసేశాను గానీ పేరు ఉండిపోయిందిగా, ఏం సాధించావు అని అడగొచ్చు. ఆ పేరు నా చేతిలో లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ మన నోట నానుతున్నదే అది. పురికొస బిగించి చుట్టిన గుండు, పైకి పొడుచుకొచ్చిన వత్తి, లోపల సూరేకారం, గంధకం, అల్యూమినియం పొడి కలిపిన మందు కొన్ని గ్రాములు. హైడ్రోజన్ బాంబు అంటే మన భాషలో దానికన్నా కాస్త లావు, అంతే. 1952 నవంబరు 1న పసిఫిక్ సముద్రంలో పేల్చిన మొదటి హైడ్రోజన్ బాంబుకి ఎలుగెలాబ్ అనే దీవి ఆనవాలు లేకుండా పోయింది. మన వీధిలో పేలిస్తే కుక్కలు అరుగు కిందికి దూరతాయి.

పాత సరుకు పేర్లు ఒక్కసారి తలుచుకోండి. మతాబు, చిచ్చుబుడ్డి, కాకరపువ్వొత్తి, వెన్నముద్ద, పాముబిళ్ల, భూచక్రం, తారాజువ్వ, తాటాకు టపాకాయ. విష్ణుచక్రం ఒక్కటి ఆయుధం, అదీ దేవుడి చేతిదే. వీటి మధ్యలోకి ఎక్కడో అమెరికా ఎడారిలో తయారైన వస్తువు వచ్చి కూర్చుంది. శివకాశిలో బాణసంచా పని నిలదొక్కుకున్నది 1940ల్లో, అసలు బాంబు పడిందీ ఆ పదేళ్లలోనే. పత్రికల్లో అంత మోగిన పేరును వ్యాపారి వదులుకుంటాడా? ఆ లేబుళ్లు గీసినవాళ్లని నేను తప్పుపట్టను, మాదంతా ఒకే కులం. ఇంకో విచిత్రం చెప్పాలి. మన గోడల మీద దేవుళ్ల క్యాలెండర్లలో చాలా భాగం అచ్చయ్యేదీ ఆ శివకాశిలోనే. లక్ష్మీదేవి, అణుబాంబు ఒకే ఊరి ప్రెస్సుల్లోంచి, ఒకే నాలుగు సిరాల్లోంచి బయటికొస్తాయి.

లక్ష్మీదేవి విషయంలో మనకి కోపం వచ్చింది, అదీ గమనించాలి. లక్ష్మీ ఔట్లు పేలిస్తే అమ్మవారి బొమ్మ ముక్కలై కాళ్ల కింద పడుతోందని, దేవతల బొమ్మలున్న టపాకాయలు కొనవద్దని కొన్ని సంఘాల వాళ్లు దీపావళికి ప్రచారం చేస్తుంటారు. 2020లో అక్షయ్ కుమార్ సినిమా పేరులో లక్ష్మి పక్కన బాంబు ఉందని గొడవైతే ఆ మాట తీసేసి లక్ష్మి ఒక్కటే ఉంచారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కవరు మీద వినాయకుడు వద్దనేవాణ్ని నేనే కదా. నాకు అర్థం కానిది ఇంకోటి. ఆ సినిమా పేరులో పనికిరానిదల్లా లక్ష్మి పక్కన బాంబు ఉండటమే. బాంబు ఒంటరిగా ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు. పవిత్రమైనదాన్ని ఎక్కడ పెట్టకూడదో మనకి బాగా తెలుసు. ఘోరమైనదాన్ని ఎక్కడ పెట్టకూడదన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. నిజానికి మన పెద్దలు ఆ రెండింటికీ మడి పెట్టారు. పురుడు, చావు, రెండూ మైలే. గుడి నుంచి వచ్చేటప్పుడు కాళ్లు కడుక్కోనక్కర్లేదు గానీ శ్మశానం నుంచి వస్తే గుమ్మం బయటే నీళ్లు పోసుకోవాలి.

ఈ మాట మా మావయ్యతో అన్నాను. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, మంగళవారం వస్తే గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్లి తీరాల్సిందే. తిరిగొస్తూ మా షాపులో కూర్చుని ప్రసాదం పెట్టి, అచ్చుతప్పులు దిద్దిపోతాడు.

"ఒరే అబ్బాయ్, మీ ఆటంబాంబుకి చుట్టేది ఏంట్రా?" అన్నాడు.

"పురికొస మావయ్యా."

"సుందరకాండలో ఉంది చూడు" అని మొదలుపెట్టాడు. లంకలో ఇంద్రజిత్తు హనుమంతుడి మీద బ్రహ్మాస్త్రం వేస్తాడు. హనుమంతుడికి బ్రహ్మ వరం ఉంది, అది ఆయన్ని చంపదు. అయినా బ్రహ్మ మీద గౌరవంతో కట్టుబడి నేల మీద పడి ఉంటాడు. అప్పుడు రాక్షసులు అత్యుత్సాహంతో పరిగెత్తుకొచ్చి జనపతాళ్లు, నారతాళ్లు తెచ్చి బిగించి కట్టేస్తారు. ఆ తాడు తగలగానే అస్త్రబంధం వదిలేస్తుంది, ఇంకో కట్టుతో కలిసి ఉండటం దానికి పడదు. ఇంద్రజిత్తు చూసి తల పట్టుకుంటాడు. మంత్రం సంగతి తెలియని వెధవలు మొత్తం పాడుచేశారే అని.

"అంత అస్త్రానికి జనపతాడు చుడితే ఏమవుతుందో వాల్మీకి ఎప్పుడో చెప్పాడురా" అని మావయ్య నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆయనకది అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు. రామాయణంలో తాడు తగిలి ఊడిపోయింది అస్త్రం. మన దగ్గర అస్త్రం ఊడలేదు. ఈ రోజుకీ లోకంలో 12 వేల పైచిలుకు అణుబాంబులు ఉన్నాయని లెక్కలు కట్టేవాళ్లు చెబుతున్నారు. ఊడిపోయింది దాన్ని చూస్తే మనకి కలగాల్సిన కంపరం. చిన్నప్పటి నుంచీ జేబులో వేసుకుని తిరిగిన పేరుకి భయం ఎక్కడ మిగులుతుంది? ఇంద్రజిత్తులా తల పట్టుకునే మనిషి కూడా కనబడటం లేదు.

ఇంట్లో ఈ వాదన అంత సాఫీగా సాగలేదు. మా ఆవిడ అడిగింది, "దీపావళి అంటేనే ఒకణ్ణి చంపిన పండగ కదండీ. నరకాసురుడి బొమ్మ కట్టి తగలబెట్టొచ్చు గానీ మేఘం బొమ్మ వెయ్యకూడదా?" మంచి ప్రశ్న. దీనికి జవాబు దొరక్కపోతే నా ఫోల్డర్ల మడి ఒట్టి చాదస్తమే.

మా అమ్మమ్మ నరకాసురుడి కథ చెప్పేటప్పుడు యుద్ధం తొందరగా ముగించేసేది. సత్యభామ బాణం వేసింది, వాడు పడ్డాడు, అయిపోయింది. ఆ తర్వాతే నెమ్మదిగా చెప్పేది. వాడి తల్లి భూదేవి వస్తుంది. వాడు ఎత్తుకొచ్చిన అదితి కుండలాలు తెచ్చి కృష్ణుడి చేతిలో పెడుతుంది. మనవణ్ణి, భగదత్తుణ్ణి, ముందుకు తోసి వీడికి అభయమివ్వమంటుంది. కృష్ణుడు ఇస్తాడు. భూదేవి వచ్చిన ఈ భాగం భాగవతంలోనూ ఉంది. అమ్మమ్మ కథలో ఇంకో ముక్క ఉండేది. నా కొడుకు పోయిన రోజు జనం ఏడవకుండా దీపాలు పెట్టుకోవాలి అని ఆ తల్లే వరం అడిగిందట. అంటే ఆ పండగకి చచ్చినవాడి ఇంటివాళ్ల అనుమతి ఉంది. ఎవరి దుఃఖమో వాళ్లే వచ్చి, సరే, వెలిగించుకోండి అన్నాక వెలిగించుకుంటున్నాం. కథేలే అనొచ్చు. కానీ చంపిన పండగని తల్లి సమ్మతి లేకుండా చేసుకోకూడదని ఎవరికో తోచబట్టే కథలో ఆ ముక్క చేరింది.

హిరోషిమా తల్లుల్ని ఎవరడిగారు? ప్రాణాలతో మిగిలినవాళ్లు 1956లో సంఘం పెట్టుకుని, తమ ఒంటి మీది మచ్చలు చూపిస్తూ, ఇంకెవరికీ ఇలా జరగకూడదని ఊరూరా తిరిగి చెప్పారు. ఆ నిహోన్ హిదాన్క్యో సంఘానికి 2024 అక్టోబరు 11న నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. ఆ నెల 31నే దీపావళి. మేఘం మీద హక్కంటూ ఎవరికైనా ఉంటే వాళ్లకే ఉంది. వాళ్లెప్పుడూ మీ ఆటసామాన్ల మీద వేసుకోండి అనలేదు.

బాంబుని ఆటవస్తువు చేయడం మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. 1946 జులై 1న బికినీ దీవుల దగ్గర బాంబు పరీక్ష చేస్తే, నాలుగు రోజులకి పారిస్‌లో ఒక దుస్తుల డిజైనరు తన ఈతదుస్తులకి ఆ దీవి పేరు పెట్టేశాడు. అంతకు ముందే ఆ దీవి జనాన్ని, 167 మందిని, ఆదివారం ప్రార్థన అయ్యాక కూర్చోబెట్టి, మానవజాతి మేలు కోసం ఊరు ఖాళీ చేయమని నౌకాదళ అధికారి నచ్చజెప్పాడు. 1947లో ఒక అమెరికా ఫలహారం కంపెనీ, ప్యాకెట్ మూత, 15 సెంట్లు పంపిన పిల్లలకి అణుబాంబు ఉంగరం పంపించింది. అందులో నిజంగానే పొలోనియం పూశారు, చీకట్లో కన్ను దగ్గర పెట్టుకుంటే మెరుపులు కనబడేవి.

వీటన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఒక కేకు. ఆ బికినీ పరీక్షలు నడిపిన వైస్ అడ్మిరల్ బ్లాండీకి 1946 నవంబరులో వాషింగ్టన్‌లో విందు చేశారు. పుట్టగొడుగు మేఘం ఆకారంలో తెల్లటి కేకు. ఆయన, పక్కన పూలటోపీ పెట్టుకున్న భార్య, ఇద్దరూ కత్తి పట్టుకుని నవ్వుతూ కోస్తున్న ఫొటో పేపర్లో పడింది. అందులో ఎవరూ దుర్మార్గుల్లా కనబడరు, పెళ్లిరోజు చేసుకుంటున్న జంటలా ఉంటారు. ఆ వారం అదే ఊళ్లో పావెల్ డేవీస్ అనే చర్చి బోధకుడు వేదిక మీద నుంచి ఆ ఫొటో మీదే మాట్లాడాడు. అది అశ్లీలం అన్నాడు. బట్టల్లేని బొమ్మల గురించి వాడే మాటని కేకు మీద వాడాడు. అణుబాంబు వేయడం సరైనదా కాదా అని దేశమంతా వాదించుకుంటున్న రోజుల్లో ఆయన దాన్ని పక్కనపెట్టి, కేకు దగ్గర ఆగాడు. బాంబు వేయక తప్పలేదు అని నమ్మేవాడు కూడా ఆ కేకు తినకూడదన్నది నాకు అందులో కనబడింది. తప్పనిసరై చంపినా స్నానం ఉంటుంది కదా.

ఆ ప్రసంగం అక్కడితో ఆగలేదు. జపాన్‌లో అమెరికా సైనిక పాలనలో విద్య చూసే అధికారి ఒకాయన దాని గురించి తెలిసి, ఇక్కడి పిల్లలకి పెన్సిళ్లు, కాగితాలు కూడా లేవని డేవీస్‌కి ఉత్తరం రాశాడు. చర్చి పిల్లలు దాదాపు అర టన్ను సామాను పోగుచేసి పంపారు. అందులో కొంత హిరోషిమా హొంకావా బడికి చేరింది. బాంబు పేలిన చోటికి అర కిలోమీటరు లోపే ఉంది ఆ బడి. ఆ ఉదయం అక్కడున్న దాదాపు నాలుగొందల మంది పిల్లలు పోయారు. తర్వాత ఆ బడిలో చదివిన పిల్లలు ఆ రంగులతోనే బొమ్మలు గీసి వాషింగ్టన్‌కి తిరిగి పంపారు. చెర్రీపూలు, ఆటలు, పండగలు. మేఘం గీయాలని వాళ్లకి తోచలేదు. తోటి పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు వాళ్లే మరి.

మన ప్రభుత్వాల మాటేమిటి అని మావయ్య ఇంకో మంగళవారం గిల్లాడు. 1974 మే 18న పోఖ్రాన్‌లో మన తొలి అణుపరీక్షకి నవ్వే బుద్ధుడని పేరు నిలిచిపోయింది. 1998 మే 11న, సరిగ్గా బుద్ధ పూర్ణిమ నాడు, మళ్లీ పరీక్షలు చేశారు. ఆ వార్త విని ఊళ్లలో జనం మిఠాయిలు పంచి టపాకాయలు కాల్చారు. నిజం బాంబుకి ఆట బాంబుతో హారతి పట్టారన్నమాట. దేశానికి బాంబు ఉండాలా వద్దా అన్నది నా షాపులో తేలేది కాదు, దాని జోలికి పోను. ఆ పేరు దగ్గర మాత్రం నా మనసు ఆగిపోతుంది. మా ఊరికి దగ్గర్లో, కామవరపుకోట పక్కన, జీలకర్రగూడెం దాటాక గుంటుపల్లి గుహలున్నాయి. క్రీస్తు పూర్వం నాటివి. కొండని తొలిచి, కర్ర దూలాలతో కట్టిన గుడిసె కప్పులా రాతిలో చెక్కిన గుండ్రటి గది ఉంది. దాని మధ్య ఒక స్తూపం. అంత పనితనం ఉన్నవాళ్లు ఆ తొలి గదిలో బుద్ధుడి బొమ్మ చెక్కలేదు. బొమ్మలు తర్వాతి కాలంలో వచ్చాయి. కొన్నిటికి బొమ్మ వేయకపోవడమే గౌరవమని ఆ రాయి చెక్కినవాడికి తెలుసు. బొమ్మలేసి బతికే నాకు అక్కడికి వెళ్లినప్పుడల్లా కాస్త అసూయగా ఉంటుంది.

ఈ మాటలన్నీ విని, బాణసంచా కొట్టు కుర్రాడు సంక్రాంతికి డిస్కౌంటు ఫ్లెక్సీ కోసం వచ్చినప్పుడు ఒక్క దెబ్బ కొట్టాడు. "జపానోళ్ల గురించి ఇంత బాధపడుతున్నావు. మొన్న ఏలూరులో పోయినోడి సంగతేంటన్నయ్యా?"

2024 దీపావళి రోజున ఏలూరు తూర్పువీధిలో ఉల్లిపాయ బాంబులు స్కూటర్ మీద తీసుకెళ్తుంటే, గోతిలో చక్రం పడి మొత్తం పేలిపోయాయి. నడిపే మనిషి అక్కడికక్కడే పోయాడు, చుట్టుపక్కల నిలబడ్డవాళ్లకి దెబ్బలు తగిలాయి. ముందురోజే ఉండ్రాజవరం మండలం సూర్యారావుపాలెంలో బాణసంచా తయారుచేసే చోట పిడుగు పడి ఇద్దరు ఆడవాళ్లు పోయారు. 2022 నవంబరులో తాడేపల్లిగూడెం మండలం కడియద్దలో ముగ్గురు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది. కూలికి మందు కూరేవాళ్లు, వత్తులు చుట్టేవాళ్లు.

కుర్రాడిదే పైచేయి. కానీ వాడు రెండు వేరు వేరు విషయాలు అనుకుంటున్నాడు, నాకు ఒకటే కనబడుతోంది. పెట్టె మీద మేఘం వేస్తే నాగసాకి కనబడకుండా పోయినట్టే, ఆ మెరిసే పెట్టె మీద సూర్యారావుపాలెం కూడా ఉండదు. లైసెన్సు నంబరు, తూకం, పెద్దల సమక్షంలో కాల్చవలెను అన్న ముక్క వెనక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. చేసినవాళ్ల చేతులు కనబడకుండా, చచ్చినవాళ్లు కనబడకుండా, మెరుపు ఒక్కటే కనబడేలా చేయడమే మా డిజైను పని అయిపోయింది. ఉల్లిపాయ బాంబుకి లేబులే ఉండదు, నిజమే, కాగితంలో చుట్టి ఇస్తారు. దాని పేరు కూరగాయది కాబట్టి భయం అసలే ఉండదు.

ఈ ఆగస్టుకి బడి మేడం గారు మళ్లీ హిరోషిమా దినం పోస్టరు కోసం వచ్చారు. పాత ఫైలే వేసేయండి అన్నారు. ఈసారి నాకు దాంట్లోనూ పేచీ కనబడింది. శుభానికి వాడకూడదని దాన్ని అశుభంలో పెట్టుకున్నాను, బాగానే ఉంది. కానీ చచ్చిపోయిన మనిషి శ్రద్ధాంజలికి, చంపినవాడు తీసిన ఫొటో వేస్తామా? పైనుంచి, విమానంలోంచి చూసిన చూపు అది. ఏడవడానికి కూడా మనం వాళ్ల కిటికీలోంచే చూస్తున్నాం. హొంకావా పిల్లల బొమ్మల కథ చెప్పి, మన పిల్లల చేత చెర్రీపూలు గీయించి వేద్దామండీ అన్నాను.

మేడం గారు శ్రద్ధగా విన్నారు, ఒప్పుకోలేదు. "పూలు చూస్తే పిల్లలకి భయం ఎలా తెలుస్తుందండీ? వాళ్లకి ఆటంబాంబు అంటే దీపావళే గుర్తొస్తుంది. ఇదీ అదే అని ఒక్కసారైనా చూపించొద్దా?" అన్నారు. ఆ మాట నేను కొట్టెయ్యలేకపోయాను. మడి అంటూ దూరంగా పెట్టేస్తే అది ఏమిటో తెలియకుండానే పెరుగుతారు, ఆ కుర్రాడు పెరిగినట్టు. పోస్టరు మేఘంతోనే వెళ్లింది. రంగు పులమకుండా, ఉన్నదున్నట్టు నలుపు తెలుపులో వేశాను. కింద ఇంతకు ముందు లేని రెండు వరుసలు చేర్చడానికి ఆవిడ ఒప్పుకున్నారు: నాగసాకి, 1945 ఆగస్టు 9, ఉదయం 11.02 గంటల తర్వాత. బాంబు వేసిన దేశపు విమానంలోంచి తీసినది.